నవీన్ గేమ్‌లో నా గొంతు

ఫోన్‌లో తెలుగు కొట్టడం నాకు సరిగా రాదు. చదువు ఏడో తరగతితోనే ఆగింది. తప్పులుంటే ఏమనుకోకండి.

నిన్న పొద్దున ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "నవీన్ లేడు" అన్నారు.

బెడ్ మీద లేడేమో అనుకుని "ఏడికి పోయిండు?" అని అడిగాను.

అటువైపు ఏడుపు వినపడ్డాకే అర్థమైంది.

నవీన్ మా ఆయన తమ్ముడు. డెంగీ వచ్చింది.

తెలంగాణ బంద్‌లకు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు మూతపడిన రోజుల్లో ఇంట్లో కూర్చుని ఒక గేమ్ తయారుచేశాడు. షేర్ ఆటో గేమ్. మలక్‌పేటలో బయలుదేరి ఎల్బీనగర్ చేరాలి. డ్రైవర్ల కేకలే అందులో పాట. "కొత్తపేట, కొత్తపేట, ఎల్బీనగర్!" అన్న కేకకు తాళం తప్పకుండా బటన్ నొక్కాలి.

మొన్న ఆసుపత్రికి చూడడానికి వెళ్తే, "వదినా, గేమ్ ఎట్లుందో మంచి చెడు రెండూ రాయి. మొహమాటపడకు" అన్నాడు.

అందుకే రాస్తున్నాను.

పాట బాగుంది. బంద్ రోజు వచ్చే భాగం ఇంకా బాగుంది. అందులో ఆటోలు ఉండవు. కుక్కర్ విజిల్, క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ చప్పుడు, ఎక్కడో దూరంగా జై తెలంగాణ. వాటితోనే తాళం నడుస్తుంది. మా గల్లీ అప్పుడు అచ్చం అలాగే ఉండేది.

అక్షరాలు మాత్రం మరీ చిన్నవి.

ఇంకొకటి. ఒక్కసారి తాళం తప్పితే మళ్లీ మలక్‌పేట. నేను ఎప్పుడూ ఎల్బీనగర్ చేరలేదు.

"నిజం ఆటో గిట్ల ఎన్కకు తీస్కపోతదా?" అని కొట్లాడాను.

"నువ్వు ఆడ్తలేవు వదినా, పప్పు చూస్కుంట నొక్కుతున్నవ్" అన్నాడు.

పప్పు మాడింది కూడా.

తాళం తప్పినప్పుడు "జర పైలం" అని ఒక ఆడగొంతు వినిపిస్తుంది. అది నాదే. ఎవరిదో చెప్పనని మాటిచ్చి, బతిమాలి రికార్డ్ చేసుకున్నాడు.

పై పోర్షన్‌లో ఉండే సుధీర్ వాళ్లది గుంటూరు వైపు. మొదటిసారి విని, "ఏరా, ఫైలమ్ అంటుందేంటి? ఇది జువాలజీ గేమా?" అన్నాడు.

"పైలం రా! భద్రం అని! ఇన్నేండ్ల సంది ఈడుండి గంత గూడ తెల్వదా?" అన్నాడు నవీన్.

ఇద్దరూ నవ్వి నవ్వి కూలబడ్డారు.

నిన్న సాయంత్రం సుధీర్ వచ్చాడు. మిగిలిన పని తను పూర్తిచేసి గేమ్‌ని నెట్‌లో పెడతానన్నాడు. "అక్కా, అది మీ గొంతేనని నాకెప్పుడో తెలుసు. మీకు ఇబ్బందైతే తీసేస్తాను. వేరేవాళ్లతో జాగ్రత్త అని చెప్పిస్తాను" అన్నాడు.

నేను లోపలికి వెళ్లిపోయాను.

సుధీర్, గొంతు తీయకు.

పరాయివాళ్లు నా గొంతు వింటారంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ ఆ మాట మారిస్తే అది నవీన్ గేమ్ కాదు. అర్థంకానివాళ్లు నీలాగే అడిగి తెలుసుకుంటారు.

మలక్‌పేటకు వెనక్కి పంపడం మాత్రం మార్చు. నవీన్ ఉంటే ఒప్పుకునేవాడు కాదు. అయినా మార్చు.

తప్పినచోటే మళ్లీ ఎక్కనివ్వు.

చదివినవాళ్లు దీన్ని ఎవరికీ పంపకండి. సుధీర్ చూశాక ఈ పోస్టు నేనే తీసేస్తాను.

పోయిరా నవీన్. నిమ్మళంగా ఉండు.