రెండు వేళ్ళు

తార్నాకలో మా బాల్కనీ తలుపు గాలికి కొట్టుకుంటే ఒక్క చప్పుడుతో ఊరుకోదు. ధబ్, వెంటనే ఇంకో ధబ్. మొన్న వానగాలికి అలాగే కొట్టుకుంది. చేతిలో టీ తొణికింది, యాదన్న గుర్తొచ్చాడు.

యూనివర్సిటీలో మా ల్యాబ్ టెక్నీషియన్ ఆయన. మాణికేశ్వర్ నగర్ నుంచి టిఫిన్ డబ్బాతో నడిచి వచ్చేవాడు. మా నాన్నకన్నా పెద్దవాడైనా క్యాంపసంతా యాదన్న అనే పిలిచేది. ధ్వనికన్నా వేగంగా పోయే విమానం కింద నేల మీద రెండు దెబ్బల చప్పుడు వినిపిస్తుంది. ఇళ్ళలో ఉన్నవాళ్ళు దానికి ఎంత ఉలిక్కిపడతారన్నది నా పరిశోధన. అలాంటి విమానం మాకెక్కడిది? యాదన్నే ప్లైవుడ్‌తో గాలి చొరని గది కట్టి, గోడల నిండా స్పీకర్లు బిగించి, ఆ చప్పుడును అందులో పుట్టించాడు. ఇవే బోనాలకు పెడితే బస్తీ మొత్తం చిందేసేదని వేళాకోళమాడేవాడు. పరీక్షకు ఎవరు వచ్చినా ముందు తనే లోపల కూర్చునేవాడు. నేను బయట మీట నొక్కేదాన్ని. అద్దంలోంచి నన్ను చూస్తూ రెండు వేళ్ళెత్తితే రెండు దెబ్బలూ సరిగా వచ్చినట్టు.

ఒకరోజు యాంప్లిఫయర్ ఆన్ చేయడం మరిచిపోయి మీట నొక్కాను. అలవాటుకొద్దీ నా కళ్ళు రెండుసార్లు మూతపడ్డాయి. చప్పుడే రాలేదు. యాదన్న రెండు వేళ్ళెత్తాడు. బయటికొచ్చి, "రెండూ మంచిగొచ్చినయ్ బిడ్డా" అన్నాడు.

ఆయన వినడం లేదు, నా కళ్ళను చూస్తున్నాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఇంజన్ల దగ్గర చేసిన పని ఆయన చెవుల్ని తినేసింది. ఆఫీసుకు తెలిస్తే ల్యాబ్ నుంచి తీసేస్తారు. ఆయన లేకపోతే ఆ గది నడవదు, నా థీసిస్ కదలదు. నేను నోరు మెదపలేదు. డాక్టరుకు చూపించుకో అన్నా అని కూడా అనలేదు. చప్పుడు కొలిచే మీటరు చూసి నేనే సరిచూసుకుంటూ రెండేళ్ళు లాక్కొచ్చాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

రిటైరైన రోజు మెడలో దండ తీసి నా చేతిలో పెట్టాడు.

"నీకు ఎర్కున్నదని నాకెర్కె బిడ్డా. ఎవ్వరికి చెప్పకుంట నా ఇజ్జత్ కాపాడినవ్."

నీ ఇజ్జత్ కాదన్నా, నా థీసిస్ కాపాడుకున్నాను అన్నాను, తల వంచుకుని. ఆయన నవ్వి నా తల నిమిరాడు. అంతే.

పోయిన ఏడాది యాదన్న పోయాడు. బాల్కనీ తలుపుకు గడియ ఉంది, పెట్టబుద్ధి కాదు. ధబ్‌మన్నప్పుడల్లా కళ్ళు రెండుసార్లు మూతపడతాయి. ఆయనతో మాట్లాడాలంటే తలెత్తి, పెదాలు కనబడేలా మాట్లాడాలని నాకు తెలుసు. తెలిసే ఆ రోజు తల వంచుకున్నాను.