నేను పాస్ చెప్పిన నోట్రంప్

డెబ్బైల్లో కృష్ణా డెల్టా మొత్తం మీద నా అంత బ్రిడ్జి ఆటగాడు లేడు. ఈ మాట అప్పట్లో అన్నవాణ్ణి నేనే. ఎదురుగా కూర్చున్న నా జోడీ ఊపిరి పీల్చే తీరును బట్టి ఆయన చేతిలో ఏమున్నదీ చెప్పేస్తానని, ఆయన జర్దా డబ్బీ మూసే చప్పుడు వింటే ఆసులెన్నో తెలిసిపోతాయని క్లబ్బులో కాఫీ తాగుతూ కనపడిన వాళ్ళందరికీ చెప్పాను. నిజానికి ఫలితాల పట్టికలో మా పేర్లు కింది నుంచి వెతికితే తొందరగా దొరికేవి. ఎప్పుడైనా పైకి పాకితే అది నా జోడీ చలవ.

ఆ జోడీ విజయవాడ వన్ టౌన్‌లో ఇనప సామాను కొట్టు నడిపే సాయిబుగారు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాని. ఆయన నోటిమాట మీద మేకుల బస్తాలు గుడివాడ దాకా వెళ్ళేవి. ఎవరూ కాగితం అడిగేవారు కారు.

బ్రిడ్జి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున చేతిలోని బలం లెక్కకడతాం. మా క్లబ్బులో తురుపు లేకుండా ఆడతానంటూ 'వన్ నోట్రంప్' అని పాట మొదలుపెట్టేవాడి దగ్గర కనీసం పదహారుండాలి. అది విన్న జోడీ తన దగ్గర పదుంటే 'త్రీ' దాకా పెంచాలి, ఆరే ఉంటే పాస్ అని ఊరుకోవాలి. లేని బలం ఉన్నట్టు పాడటం తప్పు కాదు. అయితే ఆ పాటకి అవతలివాళ్ళతో పాటు సొంత జోడీ కూడా మోసపోవాలి. జోడీకి గుట్టు తెలిసి ఉంటే మాత్రం అది దొంగాటే.

ఆగస్టులో ఒక ఆదివారం, పోటీ. ఉక్కపోతకి చొక్కాలు వీపులకి అతుక్కుపోతున్నాయి. మా బల్ల దగ్గరకి గన్నవరం డాక్టరుగారూ, ఆయన బావమరిదీ వచ్చారు. సాయిబుగారు తాపీగా 'వన్ నోట్రంప్' అన్నారు. డాక్టరుగారు పాస్. నేను పాస్. బావమరిది పాస్. పాట మాది కాబట్టి సాయిబుగారు ఆడాలి, నా ముక్కలు బల్ల మీద పరవాలి. పరిచాను. నా బలం పది. ఆట ముగిసేసరికి తేలింది, సాయిబుగారి బలం పన్నెండే. నియమం ప్రకారం నేను 'త్రీ' అని ఉంటే మునిగిపోయేవాళ్ళం. నా పాస్ మమ్మల్ని ఒడ్డున పడేసింది.

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "మేష్టారూ, ఇలా రండి! ఇక్కడ జరుగుతున్నది ఆట కాదండీ."

పోటీ నడిపేది రిటైరైన లెక్కల మేష్టారు. ఆదివారం గుణదల చర్చిలో పూజ ముగించుకుని తిన్నగా క్లబ్బుకి వచ్చేవారు. నిలబడే అంతా విన్నారు.

"సాయిబుగారూ, పన్నెండుతో నోట్రంప్ ఏమిటండీ?"

"డాక్టరుగారి దగ్గర ఇస్పేట్లు బలంగా ఉన్నాయనిపించింది. వారిని నోరెత్తనివ్వకూడదని పాడాను. ఎప్పుడూ చెయ్యలేదు, ఇదే మొదలు. మావాడికి తెలీదు."

"తెలీనివాడు పదితో పాస్ అంటాడా?" అన్నారు డాక్టరుగారు.

మేష్టారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వెందుకు పాస్ అన్నావ్?"

"అలా అనిపించిందండీ."

"అనిపించిందట! విన్నారుగా?" డాక్టరుగారు అందుకున్నారు. "సాయిబుగారి జర్దా డబ్బీ చప్పుడుతో ఆసులు లెక్కపెడతానని పోయిన నెల ఈ పెద్దమనిషే నాతో అన్నాడు. ఇవాళ ఆ డబ్బీ ఏం చెప్పిందో అడగండి."

పక్క బల్లల దగ్గర ఆట ఆగిపోయింది. మేష్టారు ఫిర్యాదుల పుస్తకం తెప్పించారు. దొంగాట అని అందులో రాస్తే సాయిబుగారి పేరు క్లబ్బు జాబితాలోంచి పోతుంది. తెనాలికి, గుడివాడకి, బందరుకి ఉత్తరాలు వెళ్తాయి. ఆ క్లబ్బుల్లో కూర్చునేవాళ్ళే ఆయన దగ్గర సరుకు కొనేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. బల్ల దగ్గర తినకూడదని మా క్లబ్బు నియమం. నేను జేబులో పొట్లం పెట్టుకుని ఒకే ఒక్క ముక్క బందరు హల్వా తిన్నాను. ఒకటి కాదు, మూడు. పేక చేతికి రాగానే పదమూడు ముక్కలూ లెక్కపెట్టుకోవాలి. గొప్ప ఆటగాళ్ళు లెక్కపెట్టరని నా నమ్మకం. ఆఠీను ఆసు వెళ్ళి ఆఠీను తొమ్మిది వెనక అతుక్కుంది. నేను చూసింది పన్నెండు ముక్కలు, ఆరు బలం. ఆరుతో పాస్ అనక ఏమంటాను? పరుస్తూ గోటితో విడదీస్తే ఆసు బయటపడింది. అంతా తెలిసే చేసినట్టు డాక్టరుగారి వంక చూసి నవ్వాను. ఆ నవ్వే కొంప ముంచింది.

నోరు విప్పితే చాలు. విప్పితే ముక్కలు లెక్కపెట్టుకోవడం రాని తిండిపోతునని ఊరంతా తెలుస్తుంది. ఊరుకున్నాను.

"మీ ఇద్దరి మధ్యా ఏర్పాటేమైనా ఉందా?" మేష్టారు సాయిబుగారిని అడిగారు.

"లేదు."

"మరి అతనెందుకు పాస్ అన్నాడు?"

"అతన్నే అడగండి. నాకూ తెలుసుకోవాలనుంది."

సాయిబుగారు కిళ్ళీ నమలడం మానేశారు. రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి నన్నే చూస్తున్నారు. మేష్టారు ఏవేవో పాత ఆటల కాగితాలు తిరగేశారు, మా ఇద్దరివీ. డాక్టరుగారు పక్కన నిలబడి వేలు పెట్టి చూపిస్తున్నారు. చివరికి మేష్టారు కలం మూత తీశారు.

"ఆసు కనపడలేదండీ," అన్నాను.

"ఏమిటీ?"

"హల్వా తిన్నానండీ. అతుక్కుపోయింది." పొట్లం తీసి బల్ల మీద పెట్టాను.

డాక్టరుగారు పకపకా నవ్వారు. "ఇతను నిజం చెప్పిన రోజున క్లబ్బు పెంకులు లేచిపోతాయి!"

నన్ను నమ్మడానికి అక్కడున్నవాళ్ళకి నేనెప్పుడూ కారణం ఇవ్వలేదు. మేష్టారు ఆఠీను ఆసునీ, తొమ్మిదినీ కిటికీ వెలుగులో తిప్పి చూశారు, వాసన చూశారు. "నెయ్యే."

"నెయ్యి ఎప్పుడైనా పూయచ్చండీ," అన్నారు డాక్టరుగారు.

బావమరిది కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "నేను చూశాను బావా. అతుక్కున్న ముక్కని గోటితో విడదీశాడు. మొహం పాలిపోయింది. ఆ తర్వాతే నవ్వాడు."

"నువ్వు ఎవరి వైపురా?"

"చూసింది చెప్తున్నా. నా మీద అరిస్తే ఎలా?"

మేష్టారు పుస్తకం మూసేశారు. సాయిబుగారి తప్పేమీ లేదన్నారు. బల్ల దగ్గర తిన్నందుకు నన్ను మూడు వారాలు రావద్దన్నారు.

సాయిబుగారు అక్కడికక్కడే నన్ను కౌగిలించుకున్నారని తర్వాత చాలామందికి చెప్పాను. అదీ అబద్ధమే. మెట్లు దిగి రిక్షా ఎక్కబోతూ ఆగారు.

"మేష్టారు నిన్ను అడిగినప్పటి నుంచి నువ్వు నోరు విప్పేదాకా పదకొండు నిమిషాలు బాబూ. అంతసేపూ నేను దొంగనే."

"అంత అయ్యుండదండీ," అన్నాను. "ఐదారు నిమిషాలు."

ఆయన రిక్షావాడి భుజం తట్టి పోనిమ్మన్నారు. మూడు వారాలు గడిచాక క్లబ్బుకి వెళ్ళేసరికి సాయిబుగారి ఎదురుగా నా కుర్చీలో డాక్టరుగారి బావమరిది కూర్చుని, పేక చేతిలోకి తీసుకుంటున్నాడు.