మోటారు నుదుటి మీద స్టిక్కర్

ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. అలాంటి నాకు దొరికిన ఉద్యోగం చూడండి: ఎక్కడివి అక్కడే ఉన్నాయా లేదా అని యంత్రాలను చూసి రావడం. పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కితే మిర్యాలగూడ రైసు మిల్లులు, మధ్యాహ్నానికి కోదాడ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. ప్రతి మోటారుకూ, పంపుకూ, తూకం మిషన్‌కూ ఒక స్టిక్కర్ అంటించాలి. దాని మీద నల్లటి గళ్ల కోడ్, కింద ఒక నంబరు. ఏడాదికోసారి వెళ్లి ఆ కోడ్‌కు ఫోను చూపిస్తే ఆ యంత్రం చరిత్రంతా తెర మీదికి వస్తుంది. తయారుచేసినవాళ్లు దాని ఒంటి మీద కొట్టిన నంబరు కూడా అందులో ఉంటుంది. తెర మీది నంబరూ ఒంటి మీది నంబరూ కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు. పని అంతే. దానికే నాకు ఎక్కడలేని తొందర. కిటికీ పక్కన సీటు దొరికినా కాలు ఊగుతూనే ఉంటుంది.

మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లుకు మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి మిస్త్రీ నా వెంట తిరిగి అన్నీ చూపించాడు. యాభై దాటిన మనిషి, ఊక దుమ్ముకు కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. పన్నెండు మోటార్లకూ ఆయన పెట్టుకున్న పేర్లున్నాయి. ఆగి ఆగి తిరిగేది మొండిది, మూలుగుతూ తిరిగేది ముసల్ది, ఊరికే వేడెక్కేది కోపిష్టిది. ఆ చివరిదానికీ నాకూ దగ్గరి చుట్టరికం ఉందని నాకప్పుడు తెలియదు.

"వీటికి నంబర్లెందుకు మేడం? సప్పుడు ఇంటె ఏది ఏదో నాకెర్కే" అన్నాడు. నేను నవ్వలేదు, టైం చూసుకున్నాను. మోటార్ల ముందు భాగంలో ఎక్కడ చదునుగా ఉంటే అక్కడ చకచకా స్టిక్కర్లు అంటించి వచ్చేశాను.

మరుసటి ఏడాది దసరా అయిన వారానికి వెళ్తే ఒక్క కోడ్‌నూ ఫోను చదవలేదు. ఆయుధ పూజకు యంత్రాలన్నీ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. నేను అంటించిన ఆ చదును చోటే మోటారుకు నుదురట. పన్నెండు స్టిక్కర్ల మీదా పన్నెండు బొట్లు. నాకు ఒళ్లు మండింది. అవతల కోదాడ బస్సు వెళ్లిపోతుంటే ఇవతల నేను తడిగుడ్డతో బొట్లు తుడుస్తున్నాను. హమాలీలంతా చూస్తుండగానే మిస్త్రీ మీద అరిచాను. "ఇంకోసారి వీటి మీద మరక కనిపిస్తే మీ సేటుకు రాసి పంపుతా" అన్నాను.

"కానియ్యండ్రి మేడం. ఇగ కాదు" అన్నాడాయన.

నిజంగానే కాలేదు. పోయినేడు దసరా తర్వాత వెళ్లేసరికి స్టిక్కర్లు కడిగిన పళ్లాల్లా ఉన్నాయి. మిస్త్రీ ఆ రోజు పనికి రాలేదు, మేనేజర్ నా వెంట వచ్చాడు. కోడ్‌లన్నీ ఇట్టే చదివింది ఫోను. కానీ ఐదు మోటార్లకు ఎరుపు చూపించింది. ఒకచోట కోడ్ కొత్త మోటారు అని చెబుతుంటే, ఎదురుగా తుప్పు పట్టిన పాతది ఉంది.

"అంటే కొత్తది అమ్ముకొని పాతది బిగించిండన్నట్టు" అన్నాడు మేనేజర్. ఎవరని అడగక్కర్లేదు. అక్కడ మోటార్లు విప్పేదీ బిగించేదీ మిస్త్రీ ఒక్కడే. నేను అవుననలేదు, కాదనలేదు. ఐదు కలవలేదని గేటు దగ్గర నిలబడే రిపోర్టు పంపేసి, పరుగెత్తి బస్సెక్కాను.

మనసు మాత్రం కుదురుకోలేదు. హుజూర్‌నగర్ దగ్గర పడుతుండగా నేను తీసిన ఫొటోలు తెరిచాను. ఒక మోటారు తెర మీద చూపిన నంబరు ఇంకో మోటారు ఒంటి మీద ఉంది. దానిది మరొకదాని మీద. ఐదూ మిల్లులోనే ఉన్నాయి, స్టిక్కర్లే తారుమారయ్యాయి. ఫొటో పెద్దది చేస్తే ఒక స్టిక్కర్ అంచు కింద కుంకుమ ఎర్రగా కనిపించింది. మిల్లులోనే ఐదు నిమిషాలు ఆగి ఉంటే తెలిసేది.

బస్సు దిగి మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"మనోళ్లు నిడమనూరు పోయి మిస్త్రీ ఇల్లు ఎతికొచ్చిండ్రు మేడం. ఏం దొరకలే. పనికి రావద్దని చెప్పినం" అన్నాడు. నేను సంగతి చెబితే, "అట్లనా? అయితే రమ్మంటం తీయండ్రి" అన్నాడు, చెప్పు మార్చుకున్నంత తేలిగ్గా. అక్కడే బస్టాండులో కూర్చుని రిపోర్టు దిద్దాను. ఐదూ పచ్చగా మారాయి.

మర్నాడు కోదాడ మానేసి నిడమనూరు వెళ్లాను. మిస్త్రీ నన్ను చూసి కుర్చీ వేశాడు. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

"మరక కావద్దని మీరంటిరి. బొట్టు పెట్టకుంట మిషన్ నడుపుదమంటె నా మనసు ఒప్పలే" అని చెప్పాడు. "బాయిలర్ ఆవిరి పట్టి స్టిక్కర్లన్ని మెల్లగ ఊడదీసిన. పేపర్ మీద వరుసగ పెట్టిన. పూజ అయినంక గమ్ము పెట్టి మళ్ల అంటిచ్చిన. నడుమల గాలికి కొన్ని లేసినయ్. గవన్ని నాకు ఒక్క తీరే కనవడ్డయ్ మేడం."

"తప్పు నాదే అన్నా" అన్నాను.

"రేపటి సంది రమ్మన్నరు, పోత. పోకుంటె ఎట్ల నడుస్తది" అన్నాడు. నా వైపు చూడకుండానే మళ్లీ అన్నాడు: "నా నంబరు మీ ఫోన్ల ఉండె కద. ఒక్క ఫోన్ కొట్టి అడిగితె అయిపోతుండె. అడగకపోతిరి."

ఉంది. ఏదైనా అనుమానం వస్తే చెయ్యమని మొదటి రోజే ఆయనే ఇచ్చాడు. సిగ్గుతో లేచి నిలబడ్డాను. వాకిట్లో ఆయన భార్య, వెతకడానికి వచ్చినవాళ్లు కింద గుమ్మరించిపోయిన వడ్లను చేటతో మళ్లీ బస్తాకు ఎత్తుతోంది. నేనూ పక్కన కూర్చుని దోసిలి పట్టబోయాను.

"వద్దమ్మా" అంది ఆమె, తల ఎత్తకుండానే. "మీకు బస్సుకు టైమైతది."