మళ్లా అడుగు

బోధన్ పక్కన చెరుకు తోటల మధ్య ఉన్న సర్కారు బడిలో నేను ఇంగ్లీషు చెబుతాను. పోయినేడు మమ్మల్ని నిజామాబాద్‌కు పిలిపించి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించే ఆట ఒకటి నేర్పి పంపారు. పిల్లలు నోరెత్తితే కూర్చోబెట్టడానికే ఇన్నేళ్లూ జీతం తీసుకున్నవాళ్లం, ఇకమీదట నోరెత్తించాలట. సరే, పైవాళ్ల మాట కాదంటామా!

ఆట సులువే. ఒకరు ఆఫీసులో సారు, ఇంకొకరు పని మీద వచ్చిన మనిషి. వచ్చినవాళ్లు అడగాలి, సారు జవాబు చెప్పాలి, అంతా ఇంగ్లీషులోనే. అడిగినదానికి జవాబు రాకపోతే తరగతి మొత్తం "మళ్లా అడుగు!" అని అరవాలి. ఈ చివరి నియమం నా సొంతం. శిక్షణలో కునుకు పట్టకుండా కనిపెట్టాను.

సారు వేషానికి అందరూ ఎగబడ్డారు. ఆ విద్య వాళ్లకు పుట్టుకతోనే వచ్చినట్టుంది. తలెత్తరు. లేని ఫోన్ చెవికి పెట్టుకుంటారు. "సర్వర్ డౌన్." "కమ్ టుమారో." "సార్ ఈజ్ ఇన్ మీటింగ్." పుస్తకంలో ఏ పాఠమూ ఇంత బాగా వంటబట్టలేదు. వ్యాకరణం తప్పు లేదు కాబట్టి మార్కులు వేయక తప్పలేదు.

ఒకరోజు ఈ వింత చూడటానికి మండలాఫీసు నుంచి అసలు సారే వచ్చారు. మెప్పు పొందుదామని ఆయననే ఆటలో సారు కుర్చీలో కూర్చోబెట్టాను. అడగడానికి ఎవరొస్తారంటే వెనక బెంచీ పిల్ల లేచింది. బీడీలు చుట్టి పెంచిన నాయనమ్మ తప్ప ఆ పిల్లకు ఎవరూ లేరు.

"ఎక్స్‌క్యూజ్ మీ సర్" దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి తెలుగులోకి దిగింది.

"మా నాయినమ్మ వేలు మిషన్ల పడ్తలేదు సార్. బీడీలు సుట్టి సుట్టి గీతలు అరిగిపోయినయి. పింఛన్ ఆగింది. ఏం జెయ్యాలె?"

సారు చిరునవ్వు నవ్వారు. "వెరీ గుడ్. చూద్దాం బిడ్డా."

"మళ్లా అడుగు!" తరగతి అరిచింది.

ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీది దేశపటం వైపు చూశాను.

పిల్ల మళ్లీ అడిగింది.

"ఆఫీసుకు రమ్మను."

"ఎండకాలం నుంచి వస్తనే ఉంది సార్. రేపు రమ్మంటరు."

"మళ్లా అడుగు!" ఈసారి సారు వేషాలు వేసిన ఘనులే గట్టిగా అరిచారు. తప్పించుకునే మాట వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

"ఏం జెయ్యాలె సార్?" ఆ పిల్ల కూర్చోలేదు.

సారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "వేలు పడకపోతే పంచాయతీ సెక్రెటరీ తన వేలు పెట్టి ఇప్పియ్యొచ్చు. నేను ఆయనకు చెప్త."

ఎవరూ అరవలేదు.

అంటే జవాబు ఉంది! ఆ ముసలామె ఎండలో బస్సెక్కి వచ్చి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఉత్త చేతులతో తిరిగి వెళ్లిన ప్రతిసారీ అది ఆ ఆఫీసులోనే ఉంది. కోపంతో నా చెవులు వేడెక్కాయి. సారు మాత్రం గండం గడిచినట్టు కుర్చీలోంచి లేచారు. పిల్ల దారి వదల్లేదు.

"ఎప్పుడు జెప్తరు సార్?"

తరగతి నోరు తెరవకముందే సారు జేబులోంచి ఫోన్ తీసి సెక్రెటరీకి కలిపారు.