బెంచీ మీది డ్రైవరు

నిఘంటువు తిరగేస్తే సిద్ధం అనే మాటకు తయారైనది, ఏర్పాటైనది అని అర్థాలు కనిపిస్తాయి. మా ఇంట్లో వేరు. అమ్మ భోజనం సిద్ధమంటే అది ఇంకా పొయ్యి మీదే ఉందని అర్థం. అన్నయ్య పరీక్షలకు సిద్ధమన్నాడంటే పుస్తకాలు ఎక్కడ పెట్టాడో గుర్తు లేదని అర్థం. ఆ మాటను నిఖార్సుగా వాడినవాడు నాన్న ఒక్కడే. ఇప్పుడు ఆయన లేడు. ఆ మాట ఎక్కడ విన్నా నాకు బూట్ పాలిష్ వాసన వస్తుంది.

నాన్న బస్సు డిపోలో స్పేర్ డ్రైవరు. అంటే, డ్యూటీకి రావలసిన డ్రైవరు రాకపోతే ఆ బస్సు నడిపే మనిషి. తెల్లవారకముందే ఖాకీ చొక్కా తొడుక్కుని వెళ్లి, ఇన్‌ఛార్జి గది బయట బెంచీ మీద కూర్చునేవాడు. మిగతా స్పేర్ డ్రైవర్లు బూట్లు విప్పేసి, కాళ్లు బారజాపుకుని కునుకు తీసేవాళ్లు. నాన్న లేసు కూడా వదులు చేసేవాడు కాదు. టీ వస్తే నాలుక కాలినా రెండు గుక్కల్లో ముగించేవాడు. కిటికీలోంచి "ఎవరున్నారక్కడ?" అనే కేక పూర్తయ్యేలోపే "సిద్ధం" అనేవాడు. చివరికి డిపోలో ఆయన పేరే సిద్ధంగారైపోయింది.

అన్ని రూట్లూ తెలిసినవాడు కాబట్టి ఆయనకు సొంత రూటంటూ ఏదీ ఇవ్వలేదు. ఇస్తే బెంచీ మీద ఎవరు కూర్చుంటారు? డిపో పెద్దల తెలివికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మకు అప్పుడే మండేది.

"నోరు తెరిచి ఒక రూటు అడగొచ్చు కదండీ. ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తున్నారని అందరూ నవ్వుతున్నారు."

"నేనెక్కడ కూర్చుంటున్నా? సిద్ధంగా ఉంటున్నా."

"రెండూ ఆ బెంచీ మీదేగా!"

నా బాధ వేరు. నేను బడికి వెళ్లే బస్సును ఒక్కసారైనా నాన్న నడపాలి. "మీ నాన్న డ్రైవరంటావు, ఏ బస్సుకే?" అని తోటి పిల్లలు అడిగితే చూపించడానికి నాకు బస్సు లేదు. ఆ రూటు మేం మీసాల మామయ్య అని పిలిచే డ్రైవరుది. మనిషి గుండ్రాయిలా ఉండేవాడు, సెలవు పెట్టడమనేది ఎరగడు. బస్సు మలుపు తిరగ్గానే నేను గంపెడాశతో డ్రైవరు సీటు వైపు చూసేదాన్ని. మీసాలు కనపడగానే మొహం మాడ్చుకుని ఎక్కేదాన్ని. ఆయనకు చిన్న జ్వరమైనా ఇవ్వమని దేవుడికి మొక్కుకున్నాను కూడా. దగ్గొచ్చింది. దగ్గుతూనే నడిపాడు.

చూస్తుండగానే బడిలో ఆఖరి పరీక్ష రోజు వచ్చేసింది. రేపటి నుంచి ఆ బస్సుతో నాకు పని లేదు. ఆశ వదిలేసుకుని, పుస్తకంలోకి తల దూర్చి స్టాపులో నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది. తలెత్తకుండానే ఎక్కబోయాను.

"పెన్నులో ఇంకుందా తల్లీ?"

డ్రైవరు సీట్లో నాన్న!

"మీసాలాయనకి ఒంట్లో బాగాలేదట. ఎక్కు ఎక్కు, వెనక జనం ఉన్నారు" అన్నాడు ఏమీ ఎరగనట్టు. చెవులు మాత్రం ఎర్రబడి ఉన్నాయి.

ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాను. ఎక్కిన ప్రతివాళ్లకీ, కూరగాయల బుట్ట మామ్మకు సైతం, "మా నాన్న" అని చెప్పాను. అడ్డదిడ్డమైన ఆ దారిలో బస్సు ఒక్క కుదుపు లేకుండా పోతోంది. ప్రతి గుంత దగ్గరా ముందే నెమ్మదిస్తున్నాడు. రోజూ సీట్లో ఎగిరెగిరి పడే నాకు ఆశ్చర్యమేసింది.

బడి దగ్గర దిగబోతూ వెనక్కి చూస్తే చివరి సీట్లో తలకు దుప్పటి కప్పుకుని ఎవరో వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నారు. దుప్పటిలో మనిషంతా దాగాడు గానీ మీసాలు దాగలేదు. దగ్గరికి వెళ్లాను.

"మామయ్యా! ఒంట్లో బాగాలేదన్నారు?"

"చాలా నీరసం తల్లీ. ఇంట్లో పడుకుంటే మీ అత్తయ్య పని చెబుతుంది" అన్నాడు గింజలు నోట్లో వేసుకుంటూ. తర్వాత గొంతు తగ్గించాడు. "రోజూ నన్ను చూసి నీ మొహం ఎందుకు మాడేదో నాకు మొన్నటిదాకా తెలీదు. సెలవు దొరికినప్పుడల్లా మీ నాన్న, నువ్వు లేని ట్రిప్పులో ఈ బస్సెక్కి నా వెనకే నిలబడేవాడు. మొన్న నిలదీశాను. గుంతలు గుర్తుపెట్టుకుంటున్నా, ఎప్పుడైనా పిలుపొస్తే మా పిల్లకి కుదుపు తగలకూడదు అన్నాడు. ముందే చెబితే నేనెప్పుడో మంచం పట్టేవాణ్ణి కదమ్మా!"

నాకు ఏడుపొచ్చేసింది. నాన్న అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు. దుప్పటిలో మనిషిని గుర్తుపట్టాడు.

"ఎలా ఉంది ఒంట్లో?" అని అడిగాడు.

"నువ్వు తోలుతుంటే తగ్గుముఖం పట్టింది" అన్నాడు మామయ్య.

మెట్ల దగ్గరికి వచ్చాను. నాన్న నా వైపు తిరిగి, ఎన్నో ఏళ్లుగా తాను బదులు చెబుతూ వచ్చిన ఆ మాటనే నన్ను అడిగాడు.

"సిద్ధమేనా?"

తలూపి దిగాను. నాన్న గేరు వేశాడు, బస్సు టైముకే కదిలింది.