కస్సుబుస్సు మామ రోలర్లు

కస్సుబుస్సు మామ గడ్డికోత యంత్రాన్ని తిట్టకుండా ముట్టుకోడు. అదీ ఊరికే తిట్టడు, వరస పెట్టి పిలిచి మరీ తిడతాడు. కోసిన గడ్డి త్వరగా ఆరాలంటే కాడలు నలగాలి కదా, ఆ నలిపే రబ్బరు రోలర్లు రెండింటిలో పైదానికి అత్త అనీ, కిందదానికి కోడలు అనీ ఆయనే పేర్లు పెట్టాడు. పెళ్లే చేసుకోని మనిషికి ఈ అత్తాకోడళ్ల గొడవేమిటని అడిగే గుండె ఎవరికీ లేదు.

చిక్కల్లా ఏమిటంటే, అదే ఇంట్లో ఆయన వదినగారు నిజం అత్త. ఆవిడ కొడుకు పెళ్లాం నిజం కోడలు.

కాపురానికొచ్చిన కొత్తల్లో ఆ అమ్మాయి పశువులకు నీళ్లు మోసుకెళ్తూ దారిలో సగం ఒలకబోసింది. అత్తగారు గుమ్మంలోకొచ్చి నోరు తెరవబోయింది. ఈలోపే షెడ్డులోంచి పిడుగు పడింది.

"ఒసే కోడలా! కళ్లు నెత్తికెక్కాయటే? ఒక పని తిన్నగా చెయ్యడం చేతకాదా?"

అమ్మాయి చేతిలో బకెట్టు జారి, మిగిలిన సగమూ నేలపాలైంది.

"పొద్దున్నే పిల్లని హడలగొడతావేమయ్యా?" అంది అత్తగారు.

"నేనన్నది రోలర్ని వదినా!"

"ఏదైతేనేం, ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకో. నువ్వు రా అమ్మా, నీళ్లే కదా, మళ్లీ పట్టుకుందాం."

అప్పటినుంచీ ఇదే తంతు. పాలు పొంగిపోతే కింది రోలరుకు తిట్లు. దూడ తాడు తెంపుకుపోతే కింది రోలరుకు తిట్లు. అత్తగారి నోరూ తక్కువదేం కాదు, కానీ పాపం మరిది ఆవిడకు వంతు రానిస్తేగా! ఆ కేకలు విన్నప్పుడల్లా అమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కేది. ఎదురుగా నిలబడి తిట్టే దమ్ము లేక ఇనుము మీద పెట్టి తిడుతున్నాడు, వీడేం మనిషి అని పళ్లు కొరుక్కునేది. మొగుడితో చెబితే, "చిన్నాన్న అంతే, వదిలెయ్" అని తప్పించుకునేవాడు.

ఆ ఇంట్లో ఆమెకు ప్రాణమైంది ఒక్కటే, ట్రాక్టరు. గడ్డికోత యంత్రాన్ని వెనక తగిలించుకుని చేలో తిరుగుతుంటే ఆమె మొహం వెలిగిపోయేది. అత్తగారు అయిష్టంగానే తాళం ఇచ్చింది. "గడ్డి ఒక్కసారి పాడైందా, ఈ తాళం మళ్లీ నీ చేతికి రాదు" అని ముందే చెప్పింది.

ఒకనాడు కోత మొదలుపెట్టి చూస్తే కాడలు సరిగ్గా నలగడం లేదు. రోలర్ల మధ్య సందు తగ్గించాలి. మామను అడిగితే పని అయ్యేలోపు చెవులు చిల్లులు పడతాయి. ఈయన్ని బతిమాలేదేమిటని తనే పానా తీసుకుంది. కుడిపక్క మర బిగించింది. ఎడమపక్కది తుప్పుపట్టి మొరాయించింది. ఒక పక్క బిగించాం కదా, చాల్లే అనుకుని ట్రాక్టరెక్కింది.

పై రోలరు వంకరగా కూర్చుంది. కుడివైపు ఆకంతా పొడై రాలిపోయింది. ఎడమవైపు కాడలు నలగక పచ్చిగానే ఉండిపోయాయి. పచ్చిగడ్డి వామి వేస్తే బూజు పడుతుంది, చలికాలమంతా పశువులు మూతి పెట్టవు. పైగా ఆకాశం మబ్బు పట్టింది.

అత్తగారు చేలోకి వచ్చి అటో గుప్పెడు ఇటో గుప్పెడు గడ్డి తీసి చూసింది. చెయ్యి చాపింది.

"తాళం."

అమ్మాయి ఇంజను ఆపి తాళం తీసేలోపు గట్టుమీంచి మామ ఊడిపడ్డాడు. తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు. తాళం జేబులో పడనిదే రోలర్ల దగ్గర చెయ్యి పెట్టడు ఆయన.

"నేనే బిగించాను మామయ్యా, ఒక పక్కే" అంది అమ్మాయి, ఏమైతే అదే అయిందని.

మామ వంగి చూశాడు. అంతే.

"ఒసే కోడలా! పశువుల నోటిదగ్గర కూడు లాగేశావు కదే! అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? నువ్వు పనికిరావు! నిన్ను ఊడబెరికి పాత ఇనుములోకి పారేసి, ఇంకోదాన్ని తెస్తాను!"

"ఏమిటీ, ఇంకోదాన్ని తెస్తావా?" అత్తగారు గిర్రున తిరిగింది.

"తెస్తాను వదినా! దీని మొహం చూడను!"

"నోర్ముయ్! నా కళ్లెదుటే నా కోడల్ని అంతమాటంటావా?"

"నేనన్నది రోలర్ని..."

"ఏ రోలర్నో నాకు తెలుసులే! పిల్ల ఒక పక్క తిప్పింది, రెండోది తిరగలేదు. నేర్చుకునేవాళ్లు తప్పు చెయ్యరా? నువ్వు పుడుతూనే పానా పట్టుకు పుట్టావా? ఆ తాళం దానికిచ్చెయ్. మిగతా చేనంతా అదే కోస్తుంది. ఏం చేస్తావో నేనూ చూస్తాను!"

మామ మొహం గంటు పెట్టుకుని తాళం అమ్మాయి చేతిలో పడేశాడు. అత్తగారు విసవిసా నడిచి, పాడైన గడ్డిని తిరగెయ్యడానికి చేను ఆ చివరకు పోయింది.

అమ్మాయి తాళం జేబులో దోపుకుని యంత్రం పక్కన చతికిలపడింది. మామ తుప్పుపట్టిన మరకు నూనె పోసి, గుర్రుమంటూనే చూపించాడు. "రెండు పక్కలా సమానంగా తిప్పాలి. కాడ నలగాలి, ఆకు రాలకూడదు. అంతే సందు." ఆ చివరా ఈ చివరా అట్టముక్క దూర్చి చూశారు. సరిపోయింది.

"ఇక కిందదాన్ని కూడా సర్దేద్దాం" అని అమ్మాయి తల దూర్చి వెతికింది. ఎంత వెతికినా తిప్పడానికేమీ కనపడలేదు.

"మామయ్యా, కోడలికి మరలేవీ?"

"లేవు. దాన్ని చట్రానికి బిగించేశారు, కదలదు. సర్దుకోవాల్సిందల్లా అత్తే."

"మరి దాని తప్పేముందని ఇన్నాళ్లూ దాన్ని తిడుతున్నారు?" అంది అమ్మాయి, ఒళ్లు మండి.

కస్సుబుస్సు మామ చేను చివరకు భయంగా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించాడు.

"గట్టిగా అరవకమ్మాయ్. మీ అత్తగారు వింటుంది."