పాయింట్ తొమ్మిది

కోటేశ్వరమ్మ చీరాలలో ఒక పిల్లల ఆసుపత్రిలో పన్నెండేళ్ళు నర్సుగా చేసి, ముప్పై ఆరో ఏట భర్త శ్రీపతితో కలిసి ఆక్లండ్ వచ్చింది. ఇక్కడి పరీక్షలు రాసి నెగ్గేసరికి ఇంకో ఏడాది పట్టింది. చివరికి ఒక పెద్దాసుపత్రి పిల్లల వార్డులో ఉద్యోగం దొరికింది. అంత పొడుగు పేరు నోరు తిరగక వార్డు వాళ్ళు ఆమెను ‘కోటి’ చేశారు.

చీరాలలో డాక్టరుగారు అర చెంచా అంటే అర చెంచా. ఇక్కడ చుక్క చుక్కకీ లెక్క. బిడ్డ బరువెంత, కిలోకి ఎన్ని మిల్లీగ్రాములు, సీసాలో ఒక్కో మిల్లీలీటరుకి మందెంత అని ఇద్దరు నర్సులు విడివిడిగా కట్టి చూడాలి. ఇద్దరి లెక్కా ఒకటైతేనే సంతకాలు, ఆ తర్వాతే బిడ్డ నోట్లో మందు.

వార్డులో ఇంకో తెలుగు నర్సు రుచిత. హైదరాబాదు పిల్ల. కోటేశ్వరమ్మ కంటే చిన్నదే గాని ఇక్కడ ఆరేళ్ళ అనుభవం ఉంది. మొదటి రోజే ‘కోటక్కా’ అని వరస కలిపి, బోటనీ డౌన్స్‌లోని తన ఇంటికి భోజనానికి కూడా పిలిచింది. కొత్త చోట ఆ పిలుపు కోటేశ్వరమ్మకి కొండంత అండ అనిపించింది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఎనిమిది కిలోల పసివాడికి జ్వరం వచ్చింది. పారాసిటమాల్ సిరప్ వార్డులో రెండు రకాలుగా ఉండేది, ఒకటి పల్చన, ఒకటి చిక్కన. రుచిత పల్చనిదానికి లెక్క కట్టి, చిక్కని సీసాలోంచి ఐదు మిల్లీలీటర్లు సిరంజిలోకి తీసి చేతికిచ్చింది.

“నేను కూడా ఒకసారి లెక్క చూస్తాను రుచితా,” అంది కోటేశ్వరమ్మ.

“ఏం గాదు కోటక్కా, నేను చూసిన కదా. ఇచ్చెయ్.”

ఇచ్చేసింది. రెట్టింపు దాటిన మోతాదు అది. గంట తర్వాత ఇంకో నర్సు సీసా చూసి కనిపెట్టింది. పసివాడికి రక్తపరీక్ష చేశారు, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. మేనేజరు ఇద్దరినీ పిలిచినప్పుడు రుచిత తల వంచుకుని చెప్పింది: “లెక్క కోటి వేసింది. నేను నమ్మి సంతకం పెట్టాను.”

మందు పోసింది కోటేశ్వరమ్మ. మొదటి సంతకం కోటేశ్వరమ్మది. ఇంగ్లీషు గొంతుకి అడ్డం పడి, చెప్పవలసింది చెప్పేలోపే మీటింగు ముగిసింది. మూడు నెలలు ఇంకొకరు పక్కన నిలబడితే తప్ప ఆమె ఒక్క చుక్క మందు ఇవ్వడానికి వీల్లేకపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్లలు భుజం మీదుగా తొంగి చూస్తుంటే, పదిహేనేళ్ళనాడు నేర్చిన పనికి ప్రతిసారీ వాళ్ళ అనుమతి అడిగింది.

“వదిలెయ్యవే, పోనీ,” అనేవాడు శ్రీపతి.

“చస్తే వదలను,” అనేది కోటేశ్వరమ్మ.

వదల్లేదు. రోజూ లెక్కలు సాధన చేసింది. బస్సులో చేసింది, వంట చేస్తూ చేసింది. మూడేళ్ళు తిరిగేసరికి వార్డులో ఎవరికి అనుమానం వచ్చినా ‘కోటిని అడుగు’ అనేవాళ్ళు. ఆమె ఒక పద్ధతి కూడా పెట్టింది: నీ కాగితం నీది, నా కాగితం నాది, చివర్లోనే రెండూ పక్కపక్కన పెడదాం. అందరూ మెచ్చుకున్నారు. ఆ పద్ధతి ఒక్క రుచిత కోసమే పెట్టిందని కోటేశ్వరమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. రుచితతో షిఫ్టు పడ్డ రోజల్లా ఆమె గోతికాడ నక్కలా కాచుకుని ఉండేది.

నాలుగో ఏట, నర్సులకు శిక్షణ ఇచ్చే ఉద్యోగానికి రుచిత దరఖాస్తు పెట్టింది. ఆ వారంలోనే వేణ్ణీళ్ళు పడి చెయ్యి కాలిన సమోవా దీవుల పాప ఒకతె వార్డులో చేరింది. తొమ్మిది కిలోలు. కట్టు మార్చే ముందు నొప్పికి మార్ఫిన్ పట్టాలి. కిలోకి పాయింట్ ఒకటి చొప్పున, పాయింట్ తొమ్మిది మిల్లీలీటర్లు. మిల్లీలీటరు కూడా నిండదు. కట్టు మార్చేవాళ్ళు అవతల తొందరపెడుతున్నారు. రుచిత కాగితం మీద తొమ్మిది అని రాసింది. పాయింటు లేదు.

పది రెట్లు. పాప ఊపిరి ఆగిపోయేంత మందు.

కోటేశ్వరమ్మ ఆ అంకె చూసింది. తన కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఇప్పుడే చెబితే ‘అయ్యో, చూస్కోలే’ అని దిద్దేసుకుంటుంది. దిద్దుకోనివ్వకూడదు.

“ఊఁ,” అంది.

తొందరలో రుచిత రెండో కాగితం అడక్కుండానే సిరంజి నిండా తీసింది. ఇద్దరూ నడవా వెంట నడిచారు. పాప తల్లి సినా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, “నోరు తెరువు బంగారం,” అంటోంది. సిరంజి కొస పెదవులకి తగలబోతుండగా కోటేశ్వరమ్మ రుచిత మణికట్టు పట్టుకుంది.

“ఆగు. నా లెక్క వేరే.”

మందుల గదిలోకి వచ్చాక రుచిత మొహంలో నెత్తుటి చుక్క లేదు. “రిపోర్ట్ రాయకు కోటక్కా. ఇయ్యలేదు కదా. ప్లీజ్.”

“ఆ రోజు లెక్క చూస్తానని నిన్ను అడిగానా లేదా?”

రుచిత ఏడ్చింది. “నీ కాళ్ళు మొక్కుతా.”

“అడిగానా, లేదా?”

“...అడిగినవ్.”

“ఆ మాట మేనేజరు దగ్గర చెప్పు,” అని కోటేశ్వరమ్మ ఫారం తెరిచింది. చకచకా రాసుకుపోయింది. తప్పు ఎప్పుడు, ఎక్కడ గమనించారు అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. మంచం దగ్గర అని రాస్తే ఎవరూ కాదనలేరు. అలా రాస్తే తనకీ రుచితకీ తేడా ఏముంది? పళ్ళు బిగించి, మందుల గదిలోనే, సిరంజిలోకి తీయకముందే అని రాసింది.

రుచిత పాత మాట ఒప్పుకుంది. మూడు నెలల నిఘా పడింది. దరఖాస్తు వెనక్కి తీసుకుంది. తెలిసీ ఊరుకున్నందుకు కోటేశ్వరమ్మకి రాతపూర్వకమైన హెచ్చరిక వచ్చింది, లెక్కలు సరిచూసే బాధ్యతా పోయింది. పోతే పోయింది అనుకుంది. ఒక పాతికేళ్ళ నర్సు పక్కన నిలబడి చూస్తుంటే రుచిత చుక్క చుక్కకీ అనుమతి అడుగుతూ సిరప్ కొలవడం ఆమె కళ్ళారా చూసింది. కడుపు నిండినట్టయింది. జాలి పడదామని ప్రయత్నించినా రాలేదు.

సినా దగ్గరికి మాత్రం మర్నాడు తనే వెళ్ళి జరిగింది చెప్పింది. సినా అంతా విని, “ఆ మందుల గది నుంచి ఇక్కడికి నడిచొచ్చినంతసేపూ మీకు తెలుసా?” అని అడిగింది.

“తెలుసు.”

సినా పాపను అవతలి భుజం మీదికి మార్చుకుని, వేరే నర్సును పంపమంది.

ఆ సాయంత్రం శ్రీపతి కారు తోలుతూ అడిగాడు. “ఇప్పుడైనా నీ కడుపు చల్లబడిందా?”

“దాని విషయంలో చల్లబడింది,” అంది కోటేశ్వరమ్మ. “ఆ తల్లి చూసిన చూపే, మింగుడు పడట్లేదు.”